టాంగియా ఠెంగా అయిన చోట: పోలీసు సినిమాలు తీసేవారికి బహిరంగ లేఖ

తెలుగులో పోలీసు సినిమాలు రాసే రచయితలకు, తీసే దర్శకులకు,

నమస్కారం.

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఉండే తెలుగువాళ్ళం రాస్తున్న ఉత్తరం ఇది. మాలో వకీళ్ళున్నారు, వాళ్ళ గుమాస్తాలున్నారు, ఫిర్యాదులు రాసిపెట్టేవాళ్ళున్నారు, ఒడియాలో వచ్చిన కాగితాన్ని తెలుగులో చదివి చెప్పేవాళ్ళున్నారు. అందరం సినిమా పిచ్చి ఉన్నవాళ్ళమే. తెలుగు బొమ్మ ఇక్కడి హాల్లో పడితే మొదటి వారంలో చూస్తాం, పడకపోతే సరిహద్దు దాటి ఇచ్ఛాపురమో పార్వతీపురమో వెళ్ళి చూస్తాం.

పోలీసు అవినీతి మీద యాక్షన్ సినిమా వచ్చినప్పుడల్లా హాలు బయట వినిపించే అభిప్రాయాలు రెండు రకాలు. కుర్రాళ్ళు ఫైట్లు అదిరాయంటారు, ఇంటర్వెల్ ముందు హీరో టోపీ పెట్టుకునే షాట్ గురించి మాట్లాడతారు. అందులో తప్పేమీ లేదు, మీరు కష్టపడి తీసిందే వాళ్ళు మెచ్చుకుంటున్నారు. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు మాత్రం వేరే సంగతి అడుగుతారు. "మొదట్లో స్టేషన్‌కి వెళ్ళి కంప్లైంటు ఇచ్చిన పిల్ల ఉంది కదా, ఆ కేసు చివరికి ఏమైంది?" అని. ఏమీ కాదు. రెండో రీలు తర్వాత ఆ పిల్ల కనబడదు. విలన్ చస్తాడు, కేసు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఈ ఉత్తరం ఆ ప్రశ్న గురించే.

మీ సినిమాల్లో అవినీతి అంటే సూట్‌కేసు. మంత్రిగారి గెస్ట్‌హౌస్‌లో మూత తెరుస్తారు, నోట్ల కట్టలు కనిపిస్తాయి. స్టేషన్లో జరిగే అవినీతికి చాలాసార్లు అంత డబ్బు అక్కర్లేదు, ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. మా సరిహద్దులో ఆ మాట ఎలా మారుతుందో చెబుతాం.

తెలుగు తప్ప మరో భాష చదవడం రాని మనిషిని ఎవరో గొడ్డలితో కొట్టారనుకోండి. అతను థానాకు వెళ్ళి నోటితో చెబుతాడు. రాసుకునే అతను ఒడియాలో రాస్తాడు. ఒడియాలో గొడ్డలిని టాంగియా అంటారు, కర్రని ఠెంగా అంటారు. కాగితం మీద టాంగియా బదులు ఠెంగా పడితే కేసు అక్కడే సగం పోయినట్టు. గొడ్డలి లాంటి ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 118(1), 3 ఏళ్ళ దాకా శిక్ష. దెబ్బ తలకు తగిలి, చంపే ఉద్దేశం కనబడితే 109, హత్యాయత్నం. అదే కర్రతో చిన్న దెబ్బ అని రాస్తే 115(2), ఏడాది లోపు శిక్ష, పైగా నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు చెబితే తప్ప పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి వీల్లేదు. "అది చిన్న కేసు, రాజీపడండి" అనే మాటకు దారి అలా ఏర్పడుతుంది.

దీని దెబ్బ అక్కడితో ఆగదు. ఆసుపత్రిలో డాక్టరు గాయం చూసి అంచులు నున్నగా తెగిన కోత గాయం అని రాస్తాడు. ఎఫ్ఐఆర్‌లో కర్ర ఉంటుంది. రెండేళ్ళ తర్వాత సాక్షి బోనులో ఫిర్యాది గొడ్డలి అంటాడు. డిఫెన్స్ వకీలు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఇతను అబద్ధమాడుతున్నాడంటాడు. ఫిర్యాది నిజమే చెప్పాడు, కాని చెప్పినదాన్ని రాసిన కలం వేరు. ఏదో ఒక థానాను వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. రెండు భాషల మధ్య ఎక్కడైనా ఇది జరగవచ్చు. ఒక్కోసారి తెలియక, ఒక్కోసారి తెలిసే.

ఈ దృశ్యానికి డూపులూ రోపులూ అక్కర్లేదు. ఒక బల్ల, ఒక కాగితం, రాసే చెయ్యి, సంతకం చేయబోతున్న చెయ్యి. అంతే. పోలీసులు, కోర్టులు నడవాల్సిన పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును రాశాక ఫిర్యాదికి చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. నకలు అప్పుడే ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు తెలుగులో రాసిస్తే తీసుకోకూడదని చట్టంలో ఎక్కడా లేదు. మీ హీరో ఒక్కసారి "ముందు చదివి వినిపించండి, తర్వాత సంతకం పెడతాను" అంటే చాలు. ఆ డైలాగు మా ఊళ్ళలో పిల్లల నోట ఆడుతుంది, సంతల్లో ఆడుతుంది, చివరికి థానా బల్ల దాకా వెళుతుంది. సినిమాకు ఆ శక్తి ఉందని మాకు నమ్మకం, అందుకే మీకు రాస్తున్నాం.

ఎఫ్ఐఆర్ రాయడానికి పోలీసులు నిరాకరిస్తే ఏం చేయాలో కూడా ఒక్క సినిమాలో కనబడదు. హీరో కాలర్ పట్టుకుంటాడు. చట్టంలో మెట్లు ఇలా ఉన్నాయి: అదే ఫిర్యాదును రాసి పోస్టులో జిల్లా ఎస్పీకి పంపాలి. పోస్టు రసీదు దాచుకోవాలి. అక్కడా కదలకపోతే 173(4), 175(3) కింద అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు వేయాలి. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకు వెళ్ళినవాళ్ళ దరఖాస్తులు చాలావరకు వెనక్కి వస్తాయి. ఆ పోస్టు రసీదు విలువ అంత. కాగ్నిజబుల్ నేరమని తెలిస్తే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరని సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో 2013లోనే చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ కొత్త సురక్షా సంహితలో 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాలకు మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలు పెట్టారు. ఈ 14 రోజులు ఎలా వాడుకోవచ్చో, ఆ లోపు సాక్షుల ఇళ్ళకు ఎవరెవరు వెళ్ళి వస్తారో మీ రచయితలు ఊహించగలరు. ఒక సస్పెన్స్ సినిమాకు సరిపడా సరుకు అందులో ఉంది.

ఇక గంజాయి. మా జిల్లాల పేరు మీ సినిమాల్లో వినబడేది దాదాపు ఈ ఒక్క మాటతోనే. "ఒరిస్సా బోర్డర్ నుంచి సరుకు వస్తోంది" అంటారు, తర్వాత లారీ పేలిపోతుంది. అసలు కథ లారీలో లేదు, తూకంలో ఉంది.

మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయికి రెండు గీతలు: 1 కిలో, 20 కిలోలు. కిలో లోపు చిన్న మొత్తం, ఏడాది దాకా శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠం 20 ఏళ్ళు, లక్షకు తగ్గని జరిమానా. పైగా సెక్షన్ 37 అడ్డొచ్చి బెయిలు దాదాపు దొరకదు. ఈ రెండు గీతల మధ్య ఉంటే 10 ఏళ్ళ దాకా. కాబట్టి 20 కిలోల 400 గ్రాములకూ 19 కిలోల 600 గ్రాములకూ తేడా 800 గ్రాములు కాదు, ఒక మనిషి జీవితం. ఆ ముల్లు ఎటు కదిలితే డబ్బు అటు కదులుతుంది.

తూకం దగ్గర ఏమేం జరగవచ్చో చూడండి. ప్యాకెట్లను గోధుమరంగు టేపుతో, లోపల పాలిథీన్‌తో చుడతారు. టేపుతో కలిపి తూస్తే ఒక బరువు, విప్పి తూస్తే ఇంకో బరువు. పంచనామాలో ఏది రాశారు? చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు కలిసి లేనప్పుడు విడిగా ఉన్న ఆకులూ గింజలూ గంజాయి కిందికి రావు. బస్తాలో కాడలు, ఆకులు, గింజలు కలిపి తూచారా, వేరు చేశారా? పచ్చి సరుకు నెల తర్వాత ఆరి తేలికవుతుంది. పట్టుకున్న రోజు బరువు, మేజిస్ట్రేటు ఎదుట సెక్షన్ 52ఏ కింద జాబితా వేసిన రోజు బరువు సరిపోలకపోతే మధ్యలో ఎవరైనా తీశారా, ఆరిపోయిందా అన్న ప్రశ్న వస్తుంది. నమూనాలు 24 గ్రాముల చొప్పున జంటగా తీయాలి. సీలు ముద్ర పంచనామా మీద కూడా వేయాలి, లేకపోతే ప్రయోగశాలకు వెళ్ళిన పొట్లం అదేనని రుజువు చేయడం కష్టం. ఇప్పుడు సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలని సురక్షా సంహితలో సెక్షన్ 105 చెబుతోంది. వీడియో సరిగ్గా తక్కెడ అంకెలు కనబడేచోట ఆగిపోయిందంటే ప్రేక్షకుడికి ఇంకేం చెప్పనక్కర్లేదు. అలాంటి ఒక్క షాట్ ముందు పేలిన లారీ తేలిపోతుంది.

ఇంకో మాట. ఆ బస్తా మోసినవాడే మీ సినిమాలో చస్తాడు. నిజంలోనూ జైలుకు వెళ్ళేది ఎక్కువగా అతనే. బండి ఎవరిది, సరుకు ఎవరికి చేరాలి, ఫోన్ చేసింది ఎవరు అన్నవి చార్జిషీటులో ఖాళీగా ఉండిపోతే, ఆ ఖాళీ కూడా అవినీతే. దాన్ని చూపించండి.

ఇప్పుడు మీకు నిజంగా పనికొచ్చే సంగతి: ట్రాప్. లంచం తీసుకుంటుండగా పట్టుకునే పద్ధతి. సినిమాల్లో ఇది అర నిమిషంలో అయిపోతుంది. నోట్లకు పొడి రాస్తారు, గ్లాసు నీళ్ళు గులాబీ రంగవుతాయి, మీడియా వస్తుంది. దాన్ని ఇరవై నిమిషాల క్లైమాక్సు చేయవచ్చని మేం గట్టిగా అంటున్నాం. అందులో అడుగడుగునా చెడిపోయే అవకాశం ఉంది, ప్రేక్షకుడు ఊపిరి బిగపట్టేది అక్కడే.

ఒడిశాలో ఈ పని విజిలెన్స్ శాఖ చేస్తుంది, ఏపీ, తెలంగాణ, మహారాష్ట్రల్లో ఏసీబీ. ఫోన్ నంబరు 1064. ఫిర్యాది ముందు రాతపూర్వకంగా ఇస్తాడు. అడిగారన్న మాట నిజమేనా అని ఫోన్ రికార్డింగుతోనో, మరో విధంగానో సరిచూస్తారు. కేసు రిజిస్టరు చేస్తారు. తర్వాత వేరే శాఖల్లో పనిచేసే ఇద్దరు ఉద్యోగులను సాక్షులుగా పిలుస్తారు. నోట్ల నంబర్లు ఒక్కొక్కటీ రాస్తారు. ఫినాల్ఫ్తలీన్ అనే తెల్లటి పొడిని నోట్ల మీద పల్చగా పూస్తారు. కంటికి ఆనదు. దాన్ని ముట్టుకున్న వేళ్ళను సోడియం కార్బనేట్, అంటే బట్టలుతికే సోడా కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. సాక్షుల ముందే ఒకరి చేత ఇది చేయించి చూపిస్తారు. ఇక్కడే మొదటి జాగ్రత్త: పొడి పూసినవాడు ట్రాప్‌కు వెళ్ళకూడదు, పొడి డబ్బా ఆఫీసులోనే ఉండిపోవాలి, మిగతావాళ్ళంతా చేతులు కడుక్కోవాలి. లేకపోతే పట్టుకున్నవాడి చేతి నుంచే పొడి అంటిందని రేపు కోర్టులో అంటారు. ఇదంతా రాసే కాగితాన్ని ఒడిశాలో ప్రిపరేషన్ రిపోర్ట్ అంటారు, ఏపీ వైపు మధ్యవర్తుల నివేదిక.

నోట్లు పెట్టే ముందు ఫిర్యాది జేబు ఖాళీ చేస్తారు. అతనికి చెప్పే మాట ఒక్కటే: అడిగితేనే ఇవ్వు, అడగకుండా ఇవ్వకు. భయంతో వెళ్ళీ వెళ్ళగానే నోట్లు తీసి చేతిలో పెట్టేసేవాళ్ళుంటారు. అప్పుడు చెయ్యి గులాబీ రంగు తిరుగుతుంది, కేసు నిలవదు. డబ్బు దొరికినంత మాత్రాన చాలదు, అడిగినట్టు రుజువు కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన పి. సత్యనారాయణమూర్తి కేసులో సుప్రీంకోర్టు 2015లో ఇదే చెప్పింది. అందుకే ఫిర్యాదితో పాటు మాటలు వినడానికి ఒక సాక్షిని పంపుతారు. ఆ సాక్షిని "నువ్వు బయట కూర్చో" అని ఆఫీసరు అంటే? ఊహించండి ఆ సన్నివేశం. తలుపు మూసుకుంటుంది. లోపల ఏం మాట్లాడారో బయట ఉన్నవాడికి వినబడదు. జేబులో రికార్డరు ఉంది, దాని ఎర్ర దీపం వెలుగుతోందో లేదో తెలియదు. ఆ రికార్డింగు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి, అది లేక పోయిన కేసులున్నాయి.

ఆఫీసరు తెలివైనవాడైతే చెయ్యి పెట్టడు. "డ్రాయర్లో వెయ్యి" అంటాడు, "ఎదురు బడ్డీవాడికి ఇవ్వు" అంటాడు, ఫైలు మధ్యలో పెట్టమంటాడు. ఈ మధ్య బంధువు ఫోన్ నంబరు రాసిచ్చి పేమెంటు కొట్టమనే పద్ధతి కూడా వచ్చింది, దానికి పొడీ లేదు, నీళ్ళూ లేవు, బ్యాంకు కాగితమే సాక్ష్యం. చేత్తో తీసుకుంటే మాత్రం ఫిర్యాది సైగ చేస్తాడు, రుమాలుతో ముఖం తుడుచుకోవడమో, మిస్డ్ కాల్ ఇవ్వడమో. బృందం లోపలికి వచ్చి ముందు రెండు మణికట్లు పట్టుకుంటుంది, ప్యాంటుకు తుడుచుకోకుండా. కుడి చెయ్యి ఒక గ్లాసులో, ఎడమ చెయ్యి ఇంకో గ్లాసులో, వేర్వేరుగా కడగాలి. కలిపి కడిగితే ఏ చేత్తో తీసుకున్నాడో తేలదు. జేబు లోపలి గుడ్డను కూడా కడుగుతారు. నోట్ల నంబర్లు పొద్దున్న రాసుకున్న జాబితాతో సరిపోల్చుతారు. సీసాల్లో పోసి, లక్క వేసి, సాక్షుల సంతకాలతో సీలు చేస్తారు. ఇత్తడి ముద్రను సాక్షి జిమ్మాలో ఉంచుతారు. ఆ కాగితం డిటెక్షన్ రిపోర్ట్. సీసాలో రంగు కొన్నాళ్ళకు వెలిసిపోవచ్చు, కాని ప్రయోగశాల ఆ పొడిని, సోడాను కనిపెట్టగలదు. రంగు పోయింది కాబట్టి కేసు పోయిందనుకోనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి మీద మీరు ఒక ట్విస్టు కట్టుకోవచ్చు.

తర్వాత ఉంది అసలు పరీక్ష. కోర్టులో విచారణకు అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 19 కింద ప్రభుత్వ అనుమతి కావాలి. గడువు 3 నెలలు, అవసరమైతే ఇంకో నెల. ఈలోగా ఫిర్యాదిని మెత్తబెడతారు. అతను బోనులో ఎదురు తిరిగినా, చనిపోయినా, మిగతా సాక్ష్యంతో నేరం రుజువు చేయవచ్చని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నీరజ్ దత్తా కేసులో తేల్చింది. మా ఊళ్ళలో చాలామందికి ఇంకో భయం: ఇచ్చినవాడిది కూడా నేరమే కదా అని. 2018 సవరణతో ఇచ్చేవాడి మీద కూడా కేసు ఉంది, నిజమే. కాని బలవంతంగా ఇవ్వాల్సి వచ్చి 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే, లేదా ముందే విజిలెన్స్‌కు చెప్పి వాళ్ళకు సాయంగా ఇస్తే నేరం కాదు. ఈ 7 రోజుల సంగతి తెరమీద ఒక్కసారి వినబడితే ఎంతమంది ధైర్యంగా ఫోన్ ఎత్తుతారో.

ఎన్‌కౌంటర్ గురించి. మీ పోలీసు సినిమాల్లో సగం అక్కడే ముగుస్తాయి, హాలు లేచి చప్పట్లు కొడుతుంది. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో, కావాలనే కాల్చారని, ఆ పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. పూలు చల్లిన దృశ్యం అందరికీ గుర్తుంది, కమిషన్ మాట ఎంతమందికి గుర్తుంది? ఎన్‌కౌంటర్ జరిగితే వేరే స్టేషన్ బృందమో సీఐడీనో దర్యాప్తు చేయాలని, వాడిన తుపాకులు అప్పగించాలని, వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. అవినీతి మీద సినిమా తీస్తూ, ఏ కాగితమూ అడగని తుపాకీని మందుగా చూపించడం తప్పు. ఇవాళ డబ్బు తీసుకుని ఠెంగా అని రాసే చెయ్యి, రేపు డబ్బు తీసుకుని ట్రిగ్గర్ నొక్కదని ఎవరు చెప్పగలరు?

స్టేషన్ గోడల గురించి కూడా. మీ లాకప్ సీన్లలో సీసీ కెమెరా ఉండదు. సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2 తీర్పు ప్రకారం ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది అన్నిచోట్లా మాట కూడా రికార్డయ్యే కెమెరాలుండాలి, కనీసం ఏడాది దృశ్యాలు దాచాలి. "హార్డ్ డిస్క్ పాడైంది" అనే జవాబు వచ్చినప్పుడు, పాడైందని డైరీలో ఏ రోజు రాశారు, ఎవరికి రిపోర్టు చేశారు అని అడగాలి. మీ కథలో ఎప్పుడూ నవ్వులాటకు వాడుకునే స్టేషన్ రైటర్‌కు ఆ జవాబులన్నీ తెలుసు. అతన్ని సీరియస్ పాత్రగా రాయండి.

చివరగా మా ఊళ్ళ సంగతి. నిజాయితీ గల ఆఫీసర్ని మంత్రి బెదిరించే డైలాగు మీకు తెలిసిందే: "నిన్ను ఒరిస్సా బోర్డర్‌కి బదిలీ చేయిస్తా." మేం పుట్టి పెరిగిన చోటు మీ కథలో శిక్ష. పిల్లలు పక్కన కూర్చుని ఉండగా ఆ మాట వినాలంటే బాధగా ఉంటుంది. ఇక్కడ కోర్టులున్నాయి, కాలేజీలున్నాయి, తెలుగూ ఒడియా సవరా కువీ ఒకే సంతలో వినబడతాయి. బరంపురంలో, జయపురంలో విజిలెన్స్ ప్రత్యేక కోర్టులున్నాయి. విలన్ సరిహద్దు దాటగానే పోలీసులు ఆగిపోవడం కూడా తప్పే. వెంటాడి దేశంలో ఎక్కడైనా పట్టుకోవచ్చు, స్థానిక మేజిస్ట్రేటు దగ్గర ట్రాన్సిట్ రిమాండ్ తీసుకుని వెనక్కి తీసుకెళ్ళాలి. పర్లాకిమిడిలో జరిగిన నేరానికి ఆంధ్ర వైపు ఉన్న పాతపట్నంలో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు, వాళ్ళు రాసుకుని ఇటు పంపాలి. ఒడిశా థానాలో పెద్ద ఆఫీసరును సీఐ అనరు, ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జ్) అంటారు. బండి నంబర్లు 2012 నుంచి ఓఆర్ కాదు, ఓడీ. గజపతి 20, రాయగడ 18, కోరాపుట్ 10. ఒడియా మాట్లాడే పాత్రకు హిందీ యాసలో తెలుగు పెట్టి నవ్వించకండి.

మీ స్క్రిప్టులో థానా సీన్లు, పంచనామా, కోర్టు కాగితాలు ఉంటే షూటింగుకు ముందు మాకు చూపించండి. మా దగ్గర చదివేవాళ్ళున్నారు, ఒడియా డైలాగులు రాసేవాళ్ళున్నారు, ఠెంగాకూ టాంగియాకూ పలుకుబడి తేడా పలికి వినిపించేవాళ్ళున్నారు. డబ్బులేమీ వద్దు. రాయగడ దాకా వస్తే రెండు రోజులు కోర్టు వరండాలో కూర్చోబెట్టి, ఒక కేసు కాగితం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో చూపిస్తాం. ఆ ఫిర్యాదు ఇచ్చిన పిల్లను మాత్రం మీ తర్వాతి సినిమాలో చివరి రీలు దాకా ఉంచండి.

ఇట్లు,
దక్షిణ ఒడిశా తెలుగు ప్రేక్షకులు
పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం